గోడకిటువైపు గింజ

బిందె ముందా వెనకా అని కుళాయి దగ్గర
మస్తానమ్మకీ నాకూ మాట తెగింది.
ఆ పూట నుంచి మా పోపులో
ఆవాలు ఒంటరిగా చిటపటలాడినయ్యి.

పన్నెండేళ్ళు
గోడ మీంచి చెయ్యి చాపితే రెబ్బ వచ్చేది.
"మేయ్, ముదురాకు కొయ్యి, లేతది ఉండనీ" అనేది.
ఇప్పుడు కావలి బజార్లో
రబ్బరు బ్యాండు బిగించిన వాసన లేని కట్ట
పది రూపాయలు పెట్టి తెచ్చుకుంటా ఉంటే
ఆ చెట్టు నన్ను చూసి
ఎరగనట్టు తల తిప్పుకునేది.

శ్రావణానికి కాయలు నల్లబడినయ్యి.
చెట్టుకి తగువు తెలీదు,
పికిలిపిట్టకి అసలే తెలీదు.
తోక కింద ఎర్రటి పేలిక
(నా మిషను కింద నుంచే ఎత్తకపోయుంటాది)
మా పిట్టగోడ మీద కూచుని
పండు మింగి
గింజ ఇటు ఊసింది.

ఏరితే పదకొండు.
తప్పు చేసినా, చెప్తా:
మిరపగింజలకి మల్లే చాటలో పోసి ఎండకి పెట్టినా.
ఆనక నెల్లాళ్ళు మట్టికి నీళ్ళు పోసినా.
మట్టి మట్టిగానే ఉండాది.

రైలుగేటు కాడ మొక్కలమ్మే రహంతుల్లా
సైకిలు మీద చెయ్యేసి నవ్వినాడు.
"ఎండితే చచ్చిపోద్దక్కా అది.
పండు రాలిన వారంలోనే పూడ్చాల.
గుజ్జు మాత్రం కడిగెయ్, తీపికి చీమలొస్తాయి."

మళ్ళీ పిట్ట కోసం కాచుకున్నా,
జాకెట్టు చేతులకి మడత కుడతా, ఒక కన్ను గోడ మీద.
ఈసారి ఏడు.
వేళ్ళకి జిగట, ఊదా రంగు,
రెండ్రోజులు ఏ తెల్లగుడ్డా ముట్టుకోలేదు.

పాత పెయింటు డబ్బా,
అడుగున కాల్చిన మేకుతో మూడు బొక్కలు,
పక్కవీధిలో కట్టే ఇంటి ముందు నుంచి
అడక్కుండా రెండు దోసిళ్ళ ఇసక,
చివికిన పేడ.
వేలి మొదటి కణుపు లోతున ఒక్కో గింజ.

ఇరవై రెండో రోజు
సూదిబెజ్జంలోంచి దారం కొస తొంగినట్టు
ఒకటి.
తర్వాత ఇంకో మూడు.
రెండు మేకపిల్ల పాలు, ఒకటి దానంతటదే పోయింది.
మిగిలింది ఆర్నెల్లకి జానెడు.
"ఇది చెట్టయ్యేసరికి
డాక్టరు మనకి పోపు మానిపించేసుంటాడు"
అన్నాడు మా ఆయన.

రోహిణీ కార్తెలో
ఆయన కంటి ఆపరేషనుకని నెల్లూరు పోయినాం.
నాలుగు రోజులు.
ఆయన కంట్లో చుక్కలు వేస్తా
డబ్బాలో నీటిచుక్క లేదని తలుచుకున్నా.
తాళం తీసి సంచి కింద పెట్టకుండానే
పెరట్లోకి పోయినా,
ఎండుపుల్ల కోసం.

మట్టి తడిగా ఉండాది.
పైన తెల్లటి చార, ముక్కుకి పుల్లటి వాసన.
గోడ మీద చెంబు పెట్టిన గుండ్రటి తడి
ఇంకా ఆరలేదు.
పైగా మొక్క తల గిల్లేసుంది!
ఎవరడిగినారు గిల్లమని?
నాకు సర్రున కోపమొచ్చింది.
కోపం తోటే కూచుని
ఆ గిల్లిన చోటు చానాసేపు వాసన చూసినా.

కుళాయి దగ్గర ఇప్పటికీ మాటల్లేవు.
ఆమె బిందె ముందు, నాది వెనక.
గిల్లిన చోట మూడు చిగుళ్ళు లేసినయ్యి.
ఏది ఎటు తిరిగిందో చూసి
అర్థాలు తీసే తీరిక నాకు లేదు,
పెళ్ళివాళ్ళ జాకెట్లు ఆరుండాయి.

ఇంట్లో ఉండేది ఇద్దరం.
నిన్న రాత్రి మాత్రం
పెరుగు నలుగురికి తోడేసినా,
మిగిలితే మిగలనీ,
పులిస్తే పులవనీ అని.